ఆమ్లం కింద అంకె

ముందు ఇంజను దగ్గరికి వెళ్లను నేను.
ఇంజను మారుతుంది. ఎవరైనా, ఏ రాత్రయినా
నాలుగు బోల్టులు విప్పి ఇంకోటి దించేయొచ్చు.
హ్యాండిలు మెడ కింద, ఎడమ పక్కన,
రంగు నాలుగు పొరలు గీకితే దొరికే చోటు ఒకటుంది.
బండి అసలు పేరు అక్కడ.

వేత్రా కంపెనీ రీగాలో పదమూడేళ్లే బతికింది.
ఫ్రేములకు నంబరు కొట్టినవాడు ఒక్కడే, ఎడమచేతి వాటం మనిషి.
వాడి ఏడుకు నడుమున అడ్డగీత,
నాలుగుకు పైన తెరిచిన నోరు,
మూడో అంకె దగ్గరికొచ్చేసరికి సుత్తి అలిసినట్టు
వరస కాస్త కిందికి జారుతుంది.
వాడి ముఖం నేనెరగను. ఫొటో లేదు.
ఐనా వీధిలో ఎదురైతే చెయ్యి చూసి పోల్చుకుంటాననుకుంటాను.

స్కైద్రీతె మజ్‌సలత్సా నుంచి వ్యానులో తెచ్చింది బండిని,
దుప్పటి కప్పి, జబ్బు మనిషిని తెచ్చినట్టు.
నాన్నదట. పాతబండ్లకిచ్చే నంబరు పలక కావాలట.
కాగితాల్లో ఇంజను నంబరు ఒక్కటే ఉంది,
ఆ ఇంజనూ వేరే బండిదే.
ఫ్రేము మెడ మీద ఏమీ లేదు.
ఏమీ లేకపోవడం కూడా ఒక రాతే:
ఆకురాయి గీతలు అడ్డంగా, ఓపిగ్గా,
చివర గరుకు కాగితంతో నునుపు చేసి.
తొందరలో ఉన్న దొంగ అంత శ్రద్ధ పెట్టడు.

"సైన్యం ఎత్తుకుపోకుండా అరగదీశాడేమో," అందామె.
అలా చేసినవాళ్లు చాలామందే. తలూపాను.

అచ్చు దెబ్బ కనిపించేంత మేరే ఆగదు.
గుంట అడుగున ఇనుము కమిలిపోతుంది,
పైదంతా అరగదీసినా
లోపల ఆ నలుగుడు అలాగే పడుంటుంది.
నేను చేసేదల్లా
దూదికి ఆమ్లం అద్ది రాయడం, ఆగడం,
మళ్లీ రాయడం. ముక్కు మండుతుంది. టీ చల్లారుతుంది.

నలభై నిమిషాలకు మొదటిది వచ్చింది,
తడి గోడ మీద నీడలా, నల్లగా కూడా కాదు.
ఏడు. నడుమున గీతతో.
తర్వాత ఒకటి. తర్వాత నోరు తెరిచిన నాలుగు,
కొంచెం కిందికి జారి.
"వచ్చావా" అన్నాను, నాకు తెలీకుండానే,
ఆ ఎడమచేతి మనిషితో.

ఆరితే పోతుంది. సుద్దముక్కతో బల్ల మీద రాసుకున్నాను.

కంపెనీ అమ్మకాల పుస్తకం, నూట పన్నెండో పుట.
ఫ్రేము 714. రంగు ఆకుపచ్చ. సైడుకారుతో సహా.
కొన్నవారు: ఎవాల్డ్స్ బ్రియెదిస్, బడిపంతులు, మజ్‌సలత్సా.
వేలు అక్కడే పెట్టి ఉంచాను.
ఆమె నాన్న పేరు అది కాదు.

కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ చదివింది.
"మా పక్కింటివాళ్లు," అంది చివరికి.
"నలభైతొమ్మిది మార్చిలో రైలెక్కించారు, ఇంటిల్లిపాదినీ.
ఎవరూ తిరిగి రాలేదు."

వాళ్ల కోసం దాచాడా?
వాళ్లు రారని తెలిసి దాచుకున్నాడా?
దాచడం, దాచుకోవడం.
ఆ మధ్యలోది పైకి తేలే ఆమ్లం
నా దగ్గర లేదు.
ఇనుము అంకె చెబుతుంది. ఎందుకో చెప్పదు.

ఫారంలో యజమాని గడి ఖాళీగానే వదిలి
మడిచి సంచీలో పెట్టుకుంది.
నా కూలి ఇచ్చింది, చిల్లర లెక్కపెట్టి మరీ.
బండి ఎక్కించి, వ్యాను తలుపు వేశాక
మళ్లీ లోపలికొచ్చింది.

"సైడుకారు అన్నారే. ఆకుపచ్చదేనా?"
అవునన్నాను.
"మా పెరట్లో కోళ్లు అందులోనే గుడ్లు పెట్టేవి.
నేనే ఏరుకొచ్చేదాన్ని రోజూ.
నాన్న దాన్ని పడవ అనేవాడు.
నేను ఎక్కి కూర్చోబోతే మాత్రం,
ఎప్పుడూ లేనిది, కసిరేవాడు."