ప్రతిష్ఠ నాడు

ఇరవై రెండు వేల ఎద్దులు,
లక్షా ఇరవై వేల గొర్రెలు...
అయ్యగారు చదువుతుంటే మైకు కూడా ఒకసారి దగ్గింది.

వెనక గుమ్మం పక్కన మా తాత జక్రయ్య
మెల్లగా నా చెవిలో:
"అన్ని తోళ్లూ ఎవరు ఒలిచార్రా?
నెత్తురెవరు కడిగారు?
రాయలేదా అందులో?"

లేదు తాతా.

నల్లపాడు పల్లెలో కొత్త గుడి.
సున్నం ఇంకా తడి.
ఆ కిటికీ సలోమి పిన్ని మేకపోతు.
ఈ నాలుగు వరసల ఇటుక
మిర్చి యార్డులో అమ్మ తొడిమలు తీసిన వేసవి.

ప్రార్థనకి అందరం చేతులెత్తాం.
ఆకాశం నుంచి నిప్పేమీ దిగలేదు.
అమ్మ అరచేతుల్లో
నిన్నటి కారం
ఇంకా మండుతూనే ఉంది.

తాత మాత్రం చేతులెత్తలేదు.
గుమ్మం బయట చెప్పులన్నీ
జతలు కలుపుతున్నాడు.