మొరావా క్లబ్బు రిజిస్టర్

ఎలుక కొరకంగ మిగిలిన మొదటి పేజీల
పన్నెండేండ్ల నా చేతిరాత:
మొరావా ఫుట్‌బాల్ క్లబ్, చండూరు, 1974.
మొరావా అంటే వాళ్ల దిక్కు ఒక నది.
మగ్గం గుంతల కూసున్న మా నాయనకు
మొర అనే వినబడ్డది.
"ఎవలు మొరవెడితిరి, ఎవలు వింటిరి" అని నవ్విండు.

మిలుతిన్ బోరు లారీతోని వచ్చిండు.
కమిలిన మెడ, చెవుల్ల దూది, సంకల తోలు బంతి.
పగలంత బండను తొలిచేటోడు,
పొద్దూకినంక జొన్న కొయ్యల చేన్ల
పోరగాండ్లకు బంతి అందిచ్చుడు నేర్పేటోడు.
తెలుగుల మూడే మాటలు ఆయనకు:
నీళ్లు. ఇటు. మల్ల.

వాళ్లూర్ల ఒక చిన్న క్లబ్బట,
తాళ్ల కార్ఖాన కూలోళ్లు పెట్టుకున్నది.
యుద్ధంల గోలు కంబాలు పొయ్యిలకు పోయినయట,
మల్ల పాతిండ్రట.
ఎరుపు తెలుపు చారల అంగీ తీసి చూపిండు.
నాయన రెండేళ్ల నడుమ నలిపి, పోగులెక్కవెట్టి
"గింతేనా" అన్నడు.
పదకొండు అంగీలు, ఇరవై రోజులు.
మొదటి వానకే ఎరుపు కారింది,
తెల్ల చారలు దానిమ్మ గింజలైనయి.
ఇగ అదే మా రంగు.

రెండువందల పది అడుగుల కాడ నీళ్లు పడ్డయి.
కొబ్బరికాయ కొట్టిండ్రు.
మిలుతిన్ దోసిలి వట్టి తాగి "మల్ల" అన్నడు.
తేట నీళ్లు. సల్లటి నీళ్లు.
ఊరంత తాగినం.

1975: దేవరకొండ మీద మూడు ఒకటి.
1977: నకిరేకల్ మీద రెండు సున్న. రెండూ సోమ్లా కొట్టినయే.
1982 కాడికెల్లి నా అక్షరాలు చిన్నగయినయి,
పేజీకి ఒక్క ఆట.
సోమ్లా నడుము కట్టెవారింది, మెడ తిరగది.
రిజిస్టర్ల మాత్రం
"గైర్హాజరు" అని రాసిన.

మా తమ్ముడు భిక్షపతి ఉరకలేడు,
అందుకే గోల్‌కీపర్.
రెండు కొడవండ్లు ఎదురెదురు నిలవెట్టినట్టు వాని కాళ్లు.
నల్లగొండ టీముకు ఎరుకే, నడిమిట్లకెల్లి కొట్టాలె.
ఆరు గోలులు అట్లనే పోయినయి.
ఏడోదానికి వాడు కూలవడ్డడు.
కాదు, కూసున్నడు. బంతి ఒళ్లెకొచ్చింది.
చప్పట్లు కొట్టినోళ్లల్ల నల్లగొండ పోరగాండ్లు గూడ ఉన్నరు.
అది ఓడిన ఆటనే. నేను దాన్ని
ఎర్ర ఇంకుతోని రాసిన.

జాబులొచ్చేటియి. స్టాంపు మీద దేశం పేరు
ఒకపారి ఉన్నది ఇంకోపారి ఉండకపోయేది.
"వంతెన కూలింది. మైదానం అవతలి ఒడ్డున వడ్డది,
పడవల పోయి ఆడుతున్నరు."
"క్లబ్బుకు నాలుగో పేరు పెట్టిండ్రు. గోలు కంబాలు పాతయే."
మేం రాసినం: మాది గూడ కొత్త రాష్ట్రమయింది,
జిల్లా పాతదే, అంగీలు పాతయే.
నీళ్ల ముచ్చట రాయలే.
మూడుపార్లు మొదలువెట్టి చింపిన.
ఆ దోసిలి యాదికొస్తే
చెయ్యి ఆగిపోయేది.

ఆఖరి జాబు ఆయన బిడ్డ రాసింది.
"నాయన పోయిండు. పోయే ముందు మీ బోరు సంగతి అడిగిండు.
ఇంక నీళ్లొస్తున్నయా అని."

బోరుకు సర్కారోళ్లు ఎర్ర రంగు పూసి చాన ఏండ్లాయె.
తాగొద్దని దాని అర్థం.
ఇప్పుడు నల్లాల కృష్ణ నీళ్లు.
ఆ బోరే ఒక గోలు కంబం పిల్లగాండ్లకు,
రెండోది సున్నం గొట్టిన రాయి.
కాళ్లు సక్కగున్న పిల్లగాండ్లు
ప్లాస్టిక్ బంతి వెంబడి దుమ్ములేపుకుంట పోతరు.
కుర్చీల భిక్షపతి. గొంతు మాత్రం వంగలే:
"మల్ల! ఇటు! మల్ల!"

కార్డు తీసి, ఆ బిడ్డకు రాసిన.
వస్తున్నయమ్మా, అని.
ఏ నీళ్లో రాయలే.