ఏడు చీటీలు

మాధవరం లారీ కాటా గదికి
రెండు కిటికీలు.
ఒకటి ఇనుప చువ్వలది. తుప్పు.
దాంట్లోంచి డ్రైవర్ల చేతులు లోపలికొస్తాయి,
తడిసిన కాగితాలతో.
రెండోది నేను రాసింది.
పాత తెర మీద బూడిద రంగు,
పైన కుడి మూల చిన్న ఇంటూ గుర్తు.

ఏకాంబరం ఫోను చేశాడు.
మూడు తరాల మద్రాసు అతనిది,
తెలుగు ఇంటివరకే మిగిలింది.
"మేడం, మీ సాఫ్ట్‌వేర్‌కి దయ్యం పట్టుకునింది.
ఒకే లారీకి ఏడు చీటీలు!"

అంబత్తూరు నుంచి రెండు బస్సులు మారాను.
నవంబరు వాన.
కాటా మీద సూళ్ళూరుపేట బండి, వడ్ల బస్తాలు,
టార్పాలిన్ మడతల్లోంచి నీళ్ళు జారుతున్నాయి.
అంకె నిలవడం లేదు.
ముప్పై ఒక్క వేల రెండొందల నలభై,
అరవై,
మళ్ళీ నలభై.

నేను రాసింది ఇంతే:
బటన్ నొక్కగానే వెళ్ళు,
బరువు కుదురుకునే దాకా అక్కడే నిలబడు,
కుదిరాక వచ్చి చీటీ తియ్యి.
మా ఆఫీసు బల్ల మీద
అయిదు కిలోల తూనికరాయి ఏనాడూ వణకలేదు.
దాన్ని నమ్మి సంతకం పెట్టాను.

ఇక్కడ, నా కళ్ళ ముందే,
నా కిటికీ తెల్లబోయింది.
ఉలుకూ లేదు, పలుకూ లేదు.
పక్కకి జరిపితే తన ముఖం తాను గీసుకోవడం కూడా
మర్చిపోయింది.
ఏకాంబరం నొక్కాడు.
వినలేదేమోనని మళ్ళీ నొక్కాడు.
చెవిటివాణ్ణి భుజం తట్టినట్టు
ఇంకో అయిదుసార్లు.

నొక్కిన నొక్కు ఎక్కడికీ పోదు.
రేషను షాపు ముందు సంచీల్లా
ఒకదాని వెనక ఒకటి వరసలో కూర్చుంటుంది.
అంకె కుదురుకుంది. షట్టరు లేచింది.
ప్రింటరు ఒకటే గీపెట్టడం:
ఒకటి, రెండు, మూడు...
ఏడు.
డ్రైవరు నవ్వాడు.
నేను నవ్వలేదు.

ల్యాప్‌టాప్ తెరిచి
ఎక్కడ మొదలెట్టాలో తెలియక
అతని కిటికీ కేసి చూస్తూ కూర్చున్నాను.

దానికీ ఒక్కడే మనిషి.
ఒక బండి బరువు రాస్తుంటాడా,
చువ్వల్లోంచి ఇంకో చెయ్యి వస్తుంది.
తల తిప్పడు. "ఒక్క నిమిషం."
కాగితం అందుకుని
అరిగిన బేరింగు కింద పెడతాడు.
టీ కుర్రాడు గ్లాసుతో చువ్వ మీద కొడతాడు, వేళ్ళు రెండు చూపిస్తాడు.
బాత్రూం ఎక్కడని ఎవరో అడిగితే
గడ్డంతో గోడ వైపు.
ఫోను మోగితే తీసి, చెవికీ భుజానికీ మధ్య ఇరికించి,
రాస్తూనే ఉంటాడు.
ఒక్క పనీ పూర్తి కాలేదు.
ఒక్కరూ రెండోసారి తట్టలేదు.

నేను బరువు కోసం కాచుకునే పనిని
వేరే థ్రెడ్డుకి అప్పగించాను.
బటన్ ఒకసారి నొక్కితే మసకబారి ఊరుకుంటుంది,
కిటికీ ఖాళీగా ఉండి
తట్టినవాళ్ళకి బదులిస్తుంది.
కింద ఒక వరస రాశాను: దయచేసి వేచియుండండి.
"ఎవరు మాట్లాడతారు అట్లా?" అన్నాడు.
చెరిపి
'ఒక్క నిమిషం' అని పెట్టాను.

ఇంటూ నొక్కితే
'నిజంగా మూసేయాలా?' అని వస్తుంది కదా,
అదీ మార్చమన్నాడు.
"కొట్టు ముందర ఆ మాట అనకూడదు మేడం.
కట్టేద్దామా అనండి."
అది నా చేతిలో లేదు,
నలభై రెండు కాటాలకీ ఒకటే వాక్యం, కంపెనీ ఒప్పుకోదు.
చెప్పాను. అతను మరేమీ అనలేదు.
మిగిలిన ఆరు చీటీల్లో ఒకటి తిరగేసి
వెనక టీ లెక్క రాసుకున్నాడు.
నా టీ కూడా అందులోనే.

పదిహేను రోజులకి ఫోను.
గుండె గుభేలుమంది.
"ఏం లేదు మేడం, ఊరికే.
ఒకే చీటీ వస్తా వుంది."
వెనక వాన. ఏదో బండి కాటా ఎక్కుతున్న చప్పుడు.
చువ్వల మీద ఎవరో తట్టారు.
"ఒక్క నిమిషం" అన్నాడు,
నాతోనో వాళ్ళతోనో.

లైన్లోనే ఉన్నాను.