తలకిందుల తెర

గిల్మోర్ వీధిలో నాది మూడడుగుల కొట్టు.
కేబుళ్ల చుట్టల వెనక నేను,
నా వెనక ఫ్యాను,
దాని వెనక గోడ.

మధ్యాహ్నం వానలో
రెయిన్‌కోటు విదిలించుకుంటూ వచ్చింది ఆ పిల్ల.
పదిహేడుంటాయేమో. మయూమి అట.
వెంట మేనమామ క్రిస్పులో,
ట్రైసికిల్ తోలి తోలి గోళ్లలో గ్రీజు ఇంకిన మనిషి.

"మూడువేల రెండొందల పెసోలున్నాయి. ఆటలకి తెర కావాలి."
బేరం ఎలా మొదలెట్టకూడదో
సరిగ్గా అలాగే మొదలెట్టింది.
చేతిలో ఎంతుందో ముందే చెప్పేసేవాళ్లని
మోసం చెయ్యడం మరీ తేలిక.
అందుకే చేతులు రావు.

కొత్తది చూపించాను, అట్టపెట్టె వాసన పోనిది.
అరవై హెర్ట్జ్, ఏడాది గ్యారంటీ.
గ్యారంటీ అన్న మాటని మామ
బెల్లంముక్కలా బుగ్గన పెట్టుకున్నాడు.
ఆ పిల్ల మాత్రం మౌసు పట్టుకుని
బాణంగుర్తుని గిరగిరా తిప్పింది,
దాని వెనకాల సాగే తోకల్ని చూసింది.
"ఇది తడుముకుంటోంది."
"ఏది?" అన్నాడు మామ.
"తెర. నేను తిరిగాక, కాసేపాగి, అది తిరుగుతోంది."

అప్పుడు లాగాను బల్లకింద ఉన్నదాన్ని.
కుబావోలో నెట్ కేఫ్ మూతపడితే
తెచ్చిన పన్నెండింట్లో మిగిలిపోయినది.
ఇరవైనాలుగు అంగుళాలు,
సెకనుకి నూటనలభైనాలుగు సార్లు కొత్తగా పుట్టే తెర.
మళ్లీ బాణం తిప్పింది.
ఈసారి ఏమీ అనలేదు,
ఊపిరి మాత్రం ఒకటి ఎక్కువ పీల్చింది.

నాలుగువేలన్నాను.
అన్నాక దాని రోగాలన్నీ నేనే చెప్పాను:
స్టాండు విరిగింది, గ్యారంటీ లేదు,
ఎడమవైపు పైమూల ఒక చుక్క చచ్చిపోయింది.
చచ్చిందని మేం అంటాం గానీ
అది ఆరిపోవడం మరిచిపోయిన చుక్క,
ఎప్పుడూ పచ్చగా వెలుగుతూనే ఉంటుంది.

"మూలే కదా" అన్నాను.
"అక్కడే మ్యాపు ఉంటుంది" అంది.
"మ్యాపులో పచ్చచుక్కంటే మావాడు.
ఎవడూ లేనిచోట ఒకడు
ఆటంతా నాకోసం నిలబడే ఉంటాడు.
వాణ్ని నమ్ముకుని వెళ్లి చచ్చిపోతాను."

మామకి ఈ గొడవ పట్టలేదు.
ప్లైవుడ్ ముక్కకి బిగించొచ్చా లేదా అని
వెనకున్న మరల బెజ్జాల్ని చూస్తున్నాడు.
"నాలుగూ చదరంగానే ఉన్నాయి.
ఎటు తిప్పి బిగించినా పడుతుంది" అన్నాడు,
తెరని తలకిందులుగా పట్టుకుని.

నేను నవ్వాను.
ఆ పిల్ల నవ్వలేదు.
సెట్టింగుల్లోకి వెళ్లి బొమ్మని
నూటఎనభై డిగ్రీలు తిప్పేసింది.
తెర తలకిందులైంది, లోపలి లోకం నిలువుగా నిలబడింది,
పచ్చచుక్క కుడివైపు కిందమూలకి దిగిపోయింది.

వంగి చూసింది, పక్కకి జరిగి చూసింది,
రంగులు వెలవెలబోతాయేమోనని.
ఐపీఎస్ తెర. పోలేదు.

"ఆ మూల ఏముంటుంది?" ఈసారి నేనే అడిగాను.
"తూటాల లెక్క. అది నాకు నోటికొచ్చు."

ఇరవై ఏళ్ల నుంచి తెరలు అమ్ముతున్నాను.
మూడువేల రెండొందలకి ఒప్పుకున్నాను.

డబ్బు పాలడబ్బాలో ఉంది, అన్నీ నాణేలే.
వాళ్ల వీధి పిసోనెట్‌లో
పెసో వేస్తే నాలుగు నిమిషాల ఆట.
వెయ్యాలనిపించిన ప్రతిసారీ
వెయ్యకుండా దాచినవట.
వాన తగ్గేదాకా ముగ్గురం లెక్కపెట్టాం.
పదకొండు తక్కువొచ్చాయి.
మామ జేబులు తడుముకుంటుంటే
పోనిమ్మన్నాను.

వాన తగ్గినట్టే తగ్గి మళ్లీ పట్టుకుంది.
రెయిన్‌కోటు తెరకి తొడిగి
తను తడుస్తూ ట్రైసికిల్ ఎక్కింది,
కంపెనీ పేరు తలకిందులుగా
ఒళ్లో పెట్టుకుని.

కొట్టు కట్టేముందు
నా లెక్కల కంప్యూటర్లో బాణంగుర్తుని
గిరగిరా తిప్పి చూశాను.
తడుముకుంటోంది.
పన్నెండేళ్ల నుంచీ తడుముకుంటూనే ఉందన్నమాట,
నాకే తెలీలేదు.