వాడిన గాలి

బల్లార్షా. మే నెల.
పొద్దు గుంకినంక కూడ గోడ ముట్టుకుంటే
చెయ్యి దానంతటదే ఎనక్కొస్తది.
నాగపూర్ పార్సిలు తెచ్చిన పోరడు
గడపల నిలబడి మరాఠీ యాసల చదివిండు:
ప్రత్యూషా ఓదెలు జంగిలి.
ఇక్కడ ఏ కాయితం మీదనైనా
నాయిన పేరు నడుమ ఉంటది.

పదిహేను నెలల కాటా జీతం,
బొగ్గు లారీలు తూచిన రాత్రులన్ని
తొమ్మిది లీటర్ల డబ్బాల పట్టినయి.
"తొమ్మిది లీటర్లేనా?
మన నూనె డబ్బానే నయం" అన్నది అమ్మ.
మూత తీసి వాసన చూసి
"కొత్త చెప్పుల లెక్క ఉన్నది" అని పక్కకు పెట్టింది.

మంచం మీద దుప్పటి గుంజేసి పరిచిన.
అరచెయ్యంత మదర్‌బోర్డు,
ఇటుకంత గ్రాఫిక్స్ కార్డు,
మిరపకాయ ముచ్చికలంత స్క్రూలు.
ప్రాసెసర్ మీద లివర్ వంచేటప్పుడు కిర్రుమంటే
పదిహేను నెలలూ పోయినయనుకున్న.
పేస్టు శనగ గింజంత పెట్టిన, చాలదేమోనని
ఇంకో గింజంత పెట్టి, మళ్ల తుడిచిన.
వైర్లయితే కోడి పేగులు,
ఇటు నొక్కితే అటు పొడుచుకొస్తయి.
ఒక స్క్రూ జారి మంచం కిందికి పోయింది.
ఫోను లైటేసి వెతికిన. దొరకలే.

రాత్రి ఒంటిగంటకు బటన్ నొక్కితె
ఫ్యాన్లు తిరిగినయి, స్క్రీన్ మాత్రం చీకటి.
ర్యాము పీకి మళ్ల నొక్కిన.
టక్కు. టక్కు.
ఇందాక ఒక్క టక్కే విన్ననని అప్పుడు యాదికొచ్చింది.
తెల్లారినట్టు తెరుచుకున్నది స్క్రీన్.

ఆట పెట్టిన. మంచు రోడ్డు మీద ఎర్ర కారు.
పది నిమిషాలకు మూలకున్న అంకె: తొంభై నాలుగు.
కారు ఎక్కిళ్లు పెడుతున్నది.
డబ్బా మాత్రం
కాజీపేట దిక్కు పోయే గూడ్సు ఎత్తెక్కుతున్నట్టు
ఒకటే ఊళ.
కూలర్ దగ్గరికి జరిపితే తడి, జరపకుంటే సెగ.

ఆ చప్పుడుకు నాయిన లేచిండు.
కండ్లు నులుముకుంట వచ్చి డబ్బా ముందట గొంతుకూసున్నడు.
"ఇన్‌టేక్ ఎటు?"
చూపించిన.
"రిటర్న్?"
ఇరవై ఆరేండ్లు భూమి కింద పరదాలు కట్టి
గాలికి తొవ్వ చూపిన మనిషి.
వీడియోల చూసింది చెప్పబోయి
నోరు మూసుకున్న.

దేవుని గూట్లెకెల్లి అగరుబత్తి తెచ్చి ముట్టించిండు.
పొగ ముందట్నుంచి లోపటికి పోయింది,
ఎనకకెల్లి బయటపడ్డది,
గోడకు తాకి, వంగి,
డబ్బా చుట్టూత పాము లెక్క తిరిగి
మళ్ల ముందట్నుంచే లోపటికి.
"చూసినవా బిడ్డా? వాడిన గాలినే మళ్ల తాగుతున్నది.
గిట్లయితే మనిషైనా ఒరుగుతడు."
ఎవలు ఒరిగిన్రో చెప్పలే.

బీరువా మీదికెల్లి ఎక్స్‌రే తీసిండు. తనదే.
"పాతదిలే, ఆరేండ్లది. కొత్తది డాక్టర్ దగ్గరున్నది."
బొక్కల వెంబడి కత్తెర నిదానంగ నడిపిచ్చిండు.
మడిచి, టేపేసి, ఫ్యాను మూతికి తొడిగిండు.
మిగిలిన ముక్క ఎనక దిక్కు, పరదా.
డబ్బాను గోడకు మూరెడు దూరం జరిపిండు.
లోపటి నీలం లైటు
ఆయన పక్కటెముకలకెల్లి బయటికొచ్చి
గోడ మీద గీతలు గీతలు పడ్డది.

డెబ్బై తొమ్మిది.
కారు ఉరికింది.
నాయిన ఆట దిక్కు చూడనే లేదు.
ఎనక తొర్ర కాడ అరచెయ్యి పెట్టి
షిఫ్టు దిగేటప్పుడు రిపోర్టు చెప్పినట్టు
"రిటర్న్ మంచిగున్నది" అన్నడు.
దగ్గొస్తే పక్కకు తిరిగి దగ్గిండు.
మళ్ల పెట్టిండు చెయ్యి.

పొద్దుగాల ఊడుస్తుంటే స్క్రూ అమ్మకు దొరికింది.
"ఇది దేంది?"
తెల్వదు. అది లేకుండనే నడుస్తున్నది.
అయినా పారెయ్యలే.
కొంగుకు ముడేసుకొని
మిగిలిన ఇల్లు ఊడ్చింది.