తొక్కుడుబిళ్ల

మల్కాపురంలో మా ఇంటి పడమటి గోడకి
నలభయ్యేళ్ల కిందట నాన్న సిమెంటు రేకులు తొడిగాడు,
నైరుతి జల్లు గోడని నానబెడుతోందని,
హార్బరు గాలికి సున్నం నిలవడం లేదని.
పద్దెనిమిది రేకులు. రిక్షా మీద మూడు ట్రిప్పులు.
వెనకనించి నేనే తోశాను.

ఒకటి దించుతుంటే జారి పగిలింది.
నాన్న తిట్టాడు. మేం సంబరపడ్డాం.
ఆ ముక్కతో రోడ్డు మీద గీస్తే సుద్దలా గీత పడేది.
గుండ్రంగా అరగదీస్తే తొక్కుడుబిళ్ల.
అరగదీసిన పొడిని అరచేతిలో పెట్టుకుని
ఉఫ్‌మని ఊదేదాన్ని
ఎర్నమ్మ మొహం మీదకి.
అది నా మొహం మీదకి.

ఇప్పుడా గోడకి కిటికీ పెట్టాలి.
మొదటొచ్చిన మేస్త్రీ సమ్మెట భుజాన వేసుకునే వచ్చాడు.
"పొద్దున్నే మొదలెడితే టిఫిను టైముకి అన్నీ నేలమీదుంటాయి."
టీ ఇచ్చి పంపించేశాను.

రెండో ఆయన దాలినాయుడు. ఓపిగ్గా విన్నాడు.
సమ్మెట వద్దు. రంపం వద్దు. చీపురు అసలే వద్దు.
గాలాడని రోజు చూసుకోవాలి.
సముద్రం పక్కన ఊళ్లో గాలాడని రోజు కోసం
పదకొండు రోజులు కాచుకున్నాం.

జీడితోటకి మందు కొట్టే పంపులో సబ్బునీళ్లు పోశాం.
"ఏటమ్మా, రేక్కి తానం పోయించీడవేటి!"
నవ్వుతూనే కొట్టాడు, పైనించి కిందికి,
బూడిదరంగు నల్లబడేదాకా.
మూతికి తువ్వాలు చుట్టుకోబోతే ఆపి
రెండు బుగ్గల మీదా డబ్బాలుండే మాస్కు తొడిగించాను.
పక్కింటి సూరాంబ గారి కిటికీలు మూయించి
ఆరేసిన చీరలు తీయించాను.
"మళ్లీ కరోనా గానీ వచ్చిందా?" అందావిడ.

తుప్పుపట్టిన బోల్టుని లాగితే రేకు చిట్లుతుంది.
తల కోసేసి, మిగిలిన కాడకి తడిగుడ్డ చుట్టి,
నిద్దరోయిన పిల్లని మంచం మార్చినట్టు
ఇద్దరిద్దరు పట్టి ఒక్కొక్కటే దించారు.
మందపాటి పాలిథీను రెండు చుట్లు. మీద టేపు.
"విప్పకండి" అని ఎర్రరంగుతో నేనే రాశాను.
తడిగుడ్డతో నేల తుడిచి ఆ గుడ్డనీ మూటలోనే వేశాం,
దాలినాయుడి చొక్కానీ.
కొత్తది ముందే కొనుంచాను. ఒక సైజు పెద్దదయింది.

సాయంత్రానికి పదిహేడు మూటలు.
ఒక్క రేకూ పగల్లేదు.
వాటి వంకే చూస్తూ దాలినాయుడు మెల్లగా,
"బాగానే ఉన్నాయి కదమ్మా.
ఆరిలోవ కొండమీద మా సెల్లి ఇంటికి టార్పాలినే దిక్కు.
ఓ నాలుగు ఇప్పించీగలరా?"

పొద్దుటినించి చెప్పిన పాఠమంతా విన్నాడు.
వినే అడుగుతున్నాడు.
వాన వచ్చేది ఈ రాత్రి.
ఊపిరికి ముప్ఫయ్యేళ్ల గడువు.
అదీ లెక్కే కదా.

ఇవ్వలేదు.
పరవాడ వెళ్లే లారీలో దగ్గరుండి ఎక్కించాను.
రసీదు తీసుకున్నాను.
"టిన్ను రేకులు కొనిస్తాను" అన్నాను.
"సర్లెండమ్మా" అన్నాడు,
నమ్మినట్టూ కాదు, నమ్మనట్టూ కాదు.

రాత్రి ఆ గోడ దగ్గరే నిలబడ్డాను.
బోల్టుల బెజ్జాలు. వాటి చుట్టూ
నలభయ్యేళ్లు ఎండ మొహం చూడని నీలిసున్నం.
నా ఎక్స్‌రే లైటుకి ఎత్తిపెట్టి
"ఇప్పటికైతే ఏం లేదు" అన్నాడు డాక్టరు.
ఆ "ఇప్పటికైతే"ని ఇంకా నముల్తున్నాను.
ఎర్నమ్మ ఏ ఊళ్లో ఉందో తెలీదు.

తొక్కుడుబిళ్లలో ఆఖరి ఆట ఒకటుండేది.
బిళ్ల నుదుటి మీద పెట్టుకుని,
కళ్లు మూసుకుని, తల పైకెత్తి,
గీత తొక్కకుండా గడిగడికీ అడుగేస్తూ అడగాలి.
బయటున్నవాళ్లు చెప్పాలి.

రైటా?