బేసి సెంటు

ఇక్కడ ఏ కార్తెలో వాన కురిసినా
ఆల్చిప్పల్లో ముత్యాలుండవు.
మాంసమే. డజనుకింతని కూలి.
బ్లఫ్ రేవులో, న్యూజిలాండ్ కొసన,
రబ్బరు ఏప్రాన్ కట్టుకుని తొమ్మిది సీజన్లు నిలబడి
కత్తి మొనతో కీలు వెతికి, తిప్పి, తెరిచి,
ఎడమ బొటనవేలి మీద పదకొండు గాట్లతో
దాచుకున్నాను ముప్పై ఒక్క వేల నాలుగు వందలు.
ఆ తర్వాత లాకీ వచ్చాడు.

"పెళ్ళై ఎన్నాళ్ళు?" అడిగింది లాయరు ఫిలిప్పా గిల్‌క్రిస్ట్.
ఇరవై ఆరు నెలలు.
"అయితే చిన్నదే" అంది, రాసుకుంటూ.
మూడేళ్ళు నిండని పెళ్ళికి చట్టంలో వేరే కొలత ఉందట.
కళ్ళు మూసుకుని సగానికి కోసెయ్యరట,
ఎవరు పోసింది వాళ్ళకి.
చిన్నది అన్న మాట
కారులో ఇంటిదాకా నాతోనే వచ్చింది,
పక్క సీట్లో, లాకీ కూర్చునేచోట.

పాతది నీదే, ఎవరూ ముట్టరు.
పెళ్ళిలో పెరిగినదాని గురించే పేచీ:
ఏడు వేల రెండు వందల నలభై ఏడు డాలర్ల పదమూడు సెంట్లు.
ఎవరి వాటా ఏమిటో రాసి తెమ్మంది.

రాత్రంతా వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాశాను.
అద్దెలో మూడింట రెండు పాళ్ళు.
కరెంటు బిల్లులు.
అతని మోకాలు విరిగిన చలికాలం, పద్నాలుగు వారాలు,
ఉప్పుతో సహా అన్నీ నేనే కొన్నది.
రాస్తుంటే హాయిగానే ఉంది, నిజం చెప్పొద్దూ,
పుండు మీద పొక్కు గిల్లుకున్నట్టు.
తెల్లారేసరికి నాలుగు పేజీలు.

లాకీది పోస్టులో వచ్చింది,
వింటన్ నుంచి, వాళ్ళ అక్క ఇంటినుంచి.
కలప డిపో రసీదు వెనకవైపు, ఐదే పంక్తులు.
కట్టెలు కొట్టడం, రెండేళ్ళకి.
చూరు కింద తూము బాగుచేయడం.
మీ అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు డునెడిన్‌కి రెండుసార్లు,
పెట్రోలు లెక్క వెయ్యట్లేదు.
కుక్కకి టీకా.
ఐదోది రాసి కొట్టేశాడు.
దీపం కింద పెట్టి చూస్తే చదవగలిగాను:
రాత్రుళ్ళు మెరెనియా వేళ్ళలో దిగిన చిప్ప పెళుసులు తీయడం.

ఎందుకు విడిపోయారని మా పిన్ని ఇప్పటికీ అడుగుతుంది.
తాగాడా, కొట్టాడా, ఇంకొకరున్నారా?
ఒక్కటైనా ఉంటే చెప్పడానికి వీలుండేది.
రేవులో పడవ తాడు తుఫానుకే తెగక్కర్లేదు.
రోజూ అదే చోట ఒరుసుకున్నా చాలు.

సగం సగం చెయ్యండి, అన్నాను.
"నీకు ఎక్కువే వస్తుంది, ఆలోచించుకో" అంది ఫిలిప్పా.
ఆలోచించాను.
ధర్మబుద్ధీ కాదు, దయా కాదు.
సగమంటే మళ్ళీ రాయక్కర్లేదు.
నా నాలుగు పేజీలు ఆమెకి ఇవ్వనే లేదు.

సంతకాల రోజు ఇస్త్రీ చేసిన చొక్కాతో వచ్చాడు.
ఇస్త్రీ ఎప్పుడు నేర్చుకున్నాడో.
చెరి మూడు వేల ఆరు వందల ఇరవై మూడు డాలర్ల యాభై ఆరు సెంట్లు.
ఫిలిప్పా కళ్ళజోడు పైకి తోసుకుంది.
"ఒక సెంటు బేసి. ఎవరికి?"
ముందు లాకీ నవ్వాడు. తర్వాత నేను.
సెంటు నాణేన్ని ఈ దేశంలో
మేం పుట్టకముందే ఎత్తేశారు.
ఇద్దామన్నా చేతిలో పెట్టడానికి వస్తువు లేదు.
"తనకే రాయండి" అన్నాడు.
"నాకెందుకు, తనకే" అన్నాను.
ఇద్దరం ఒకే పట్టు పట్టింది ఆ ఏడాదికి అదొక్కటే.
చివరికి కాగితం మీద నా పేరు పడింది.

ముప్పై ఐదు వేల ఇరవై మూడు డాలర్ల యాభై ఏడు సెంట్లు.
ఆ చివరి ఏడుని ఫోన్లో రోజూ చూసేదాన్ని.
నెలాఖరుకి వడ్డీ పడింది,
అంకెలన్నీ కదిలిపోయాయి.

మార్చి ఒకటిన సీజను మొదలైంది.
మొదటి రోజే కుడి చూపుడువేల్లో పెళుసు దిగింది.
ఎడమచేత్తో పట్టకారు పట్టడం నాకు రాదు.
కాసేపు చూసి
పళ్ళతో లాగేశాను.